వేసుకోని మాల

మన ఇంట్లో మాట్లాడని తెలుగును వేదిక మీద మాట్లాడటం అబద్ధమాడటం అవుతుందా? ఈ ప్రశ్న నాకు తోచింది కాదు. పదకొండేళ్ళ నా మనవరాలు అడిగింది. అప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. రెండేళ్ళుగా ఆలోచించి, తోచినంత మటుకు ఇక్కడ రాస్తున్నాను.

జరిగింది చిన్న విషయమే. వేరే ఊళ్ళో ఒక తెలుగు సంఘంవారు ఉగాదికి పిల్లల కార్యక్రమం పెట్టారు. ఆ సంఘం పేరెందుకు లెండి, అందరూ మంచివాళ్ళే. రాజపాళయం నుంచి కూడా ఒకరు పాడాలని కబురు చేశారు. మా పిల్లకు సంగీతం వచ్చు. త్యాగరాజ కీర్తన ఒకటి సిద్ధం చేసింది. దానికి ముందు చెప్పడానికి అయిదారు వాక్యాల ఉపన్యాసం నేను రాసిచ్చాను. "సభకు నమస్కారం, తేనెలొలికే మన మాతృభాష" అంటూ సాగే రకం. పిల్లకు తెలుగు చదవడం రాదు. అంతా తమిళ లిపిలో రాసుకుంది. తమిళంలో క, ఖ, గ, ఘలు నాలుగింటికీ ఒకటే అక్షరం గదా, పాట పుస్తకాల్లో వేసినట్టు పక్కన 2, 3, 4 అంకెలు వేసుకుంది. ఆ కాగితం చూస్తే లెక్కల పుస్తకంలాగా ఉంది.

బాగా పాడింది, తడబడకుండా చెప్పింది. సభ చప్పట్లు కొట్టింది. ఆంధ్ర నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ముచ్చటపడి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, "మధ్యాహ్నం ఏం తిన్నావమ్మా?" అని అడిగారు. కాగితంలో లేని ప్రశ్న. పిల్ల ఇంటి మాటలో చెప్పింది: "ఇంకా కూడు తినలేదు." సభంతా నవ్వింది. ఆ పెద్దమనిషి నవ్వుతూనే, "అన్నం అనాలి తల్లీ, కూడు అనకూడదు" అని తల నిమిరారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను.

తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది: "నేను మొదట చెప్పింది ఎవురి తెలుగు తాతా? మనది కాదు గదా. మనది కానిది చెప్తే చప్పట్లు కొట్టిరి. మనది చెప్తే నవ్విరి. అయితే నేను మొదట అబద్ధం చెప్పినట్టేనా?"

నాకు వెంటనే దొరికిన జవాబు అందరికీ దొరికేదే. వేదిక వేరు, ఇల్లు వేరు అన్నాను. నాటకంలో రాముడి వేషం వేసినవాడు అబద్ధాలకోరా? "వాడు రాముడు కాదని అందరికీ తెలుసు గదా తాతా. నన్ను అచ్చ తెలుగు పిల్ల అని చెప్పిరి" అంది. ఆ మాటతో నా జవాబు కూలిపోయింది. నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. ఈ వేషం వేషమేనని ఇద్దరికీ తెలుసు. సంఘం పండుగలో పాడేవాడి సంగతి అలా కాదు. అతడిని అతడుగానే వేదిక ఎక్కిస్తాం. "ఇదిగో మన తెలుగు" అని చూపిస్తాం. వేసిన వేషం తానే అయినప్పుడు ఆ వేషానికీ తనకూ ఎంత దూరం ఉండవచ్చు? పిల్ల అడిగింది ఇదే.

మన ఊరి పరిస్థితి తెలిసినవాళ్ళకు ఇది చిన్నపిల్ల పేచీగా తోచదు. విజయనగర కాలంలోనూ ఆ తర్వాత మధుర నాయకుల కాలంలోనూ దక్షిణానికి వచ్చి స్థిరపడ్డవాళ్ళమని మన పెద్దలు చెప్పుకునేవారు. అన్ని తరాల తర్వాత కూడా పళయపాళయంలోనూ పుదుపాళయంలోనూ ఇళ్ళలో తెలుగు వినబడుతుంది. కాని రాతకోతలు, బడి, అంగడి, కోర్టు అన్నీ తమిళం. 1949 నుంచి 1952 దాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామిరాజా మన ఊరివారే. ప్రతి తెలుగు వేదిక మీదా ఆయన పేరు చెప్పి ఛాతీ విరుచుకుంటాం. వేదిక దిగగానే ఆయన ఊరి తెలుగును దాచుకుంటాం.

ఇది మన ఒక్కరి బాధ కాదని తెలుసుకోవడానికి కొంచెం దూరం పోయి రావాలి. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్ అనే పేట ఉంది. ఇటలీలో నేపుల్స్ దగ్గరి నోలా అనే ఊరి నుంచి వలసపోయినవాళ్ళు 1903లో అక్కడ తమ ఊరి పండుగ మొదలుపెట్టారు. సెయింట్ పాలినస్ పేర సుమారు డెబ్బై అడుగుల గోపురం ఒకటి కట్టి, నూరుమందికి పైగా మగవాళ్ళు భుజాల మీద ఎత్తుతారు. దాన్ని జిల్యో అంటారు. మన తేరుకు చక్రాలు తీసేసి భుజాల మీదికి ఎత్తినట్టు ఊహించుకోండి. విశేషమేమంటే బ్యాండువాళ్ళూ పాటగాడూ కూడా ఆ గోపురం పీఠం మీదే నిలబడి ఉంటారు. కింద మోసేవాళ్ళు అడుగు వేస్తుంటే పైన వీళ్ళు వాయిస్తారు, పాడతారు. ఎత్తేవాళ్ళలో చాలామంది ఆ పేట వదిలి ఎప్పుడో పోయారు. జూలైలో పండుగకు భుజం ఇవ్వడానికి తిరిగి వస్తారు.

ఆ పైన నిలబడ్డ పాటగాడి మాటేమిటి? వలసపోయిన ఆ ఇటాలియన్ల తాతలు ఇళ్ళలో మాట్లాడింది బడి పుస్తకాల ఇటాలియన్ కాదు. నేపుల్స్ మాట. పదాల చివరి అచ్చు మింగేసే ఆ పలుకు ఇటలీలోని చదువుకున్నవాళ్ళకు మోటుగా తోచేది. మనవళ్ళకు ఆ మోటు మాటే కొన్ని తిండి పేర్లలోనూ తిట్లలోనూ మిగిలింది. ఇటలీ నుంచి వచ్చిన చుట్టం ఆ పేర్లు విని నవ్వుతాడు. పండుగ పాటలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. అర్థం అడిగితే సగంమంది తడుముకుంటారు. చదువుతుంటే నాకు మన ఉగాది సభ కళ్ళకు కట్టింది.

అదే న్యూయార్కులో లిటిల్ ఇటలీ అనే మరో పేట ఉంది. అక్కడ 1926 నుంచి సెయింట్ జెనారో ఉత్సవం జరుగుతోంది. ఇప్పుడు ఆ పేటలో ఇటలీలో పుట్టినవాళ్ళు దాదాపు ఎవరూ మిగలలేదు. పండుగ మాత్రం పదకొండు రోజులు సాగుతుంది. మిఠాయి అంగళ్ళు, జెండాలు, పాటలు అన్నీ ఉన్నాయి. చూడవచ్చేవాళ్ళకు కొదవ లేదు. ఈ రెండు పండుగల మధ్య తేడా ఏమిటని నన్ను నేను అడిగి చూసుకున్నాను. రెంటిలోనూ భాష తగ్గింది, రెంటిలోనూ మనుషులు చెదిరారు. ఒక దానిలో ఇంకా భుజం కాయ కాస్తుంది. ఆ బరువు చూపించడానికి మోసేది కాదు, మోయక తప్పదు కనుక మోసేది. రెండో దాని గురించి దూరంలో ఉండి తీర్పు చెప్పడానికి నాకు నోరు రావడంలేదు. అక్కడా ఏ ముసలామెకో ఆ స్వామి నిజంగానే దిక్కయి ఉండవచ్చు.

సరే, మన నేలకు వద్దాం. అర్థం తెలియని భాషలో పాడటం సరా తప్పా అన్న తగాదా తమిళదేశంలో పెద్ద ఎత్తున నడిచింది. అప్పుడు మనం అవతలి పక్షం. 1940లలో రాజా అన్నామలై చెట్టియార్ పూనికతో తమిళ ఇసై ఉద్యమం లేచింది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే: తమిళ శ్రోతలు డబ్బిచ్చి కచేరీకి వచ్చి, ముక్క అర్థంకాని తెలుగు పాటలు మూడు గంటలు ఎందుకు వినాలి? పాడేవాడికి తెలియదు, వినేవాడికి తెలియదు, ఎవరికోసం ఈ పాట? మన పెద్దలు చాలామంది దానికి నొచ్చుకున్నారు. సంగీతానికి భాష లేదన్నారు. ఈనాడు మన పిల్ల తమిళ లిపిలో అంకెలు వేసుకుని పాడుతుంటే ఆ ప్రశ్నే మన గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. అప్పుడు వాళ్ళకు సంగీతానికి భాష లేదని చెప్పినవాళ్ళం, ఇప్పుడు మన పిల్లకు కూడు అనకూడదని చెబుతున్నాం.

ఇక్కడ ఇంకో వింత ఉంది. మా పిల్ల పాడింది త్యాగరాజస్వామి కీర్తన. ఆయన 1767లో తిరువారూరులో పుట్టాడు. తిరువైయారులో బతికి, 1847లో అక్కడే సిద్ధిపొందాడు. కాకర్లవారు, తెలుగు కుటుంబం. అంటే ఆయన కూడా మనలాగా బయటి తెలుగువాడే. చుట్టూ తమిళం, ఇంట్లో తెలుగు. ఆయన కీర్తనల్లో పండితుల మాటల పక్కన ఇంట్లో వాడుకునే మాటలు ఎన్ని ఉన్నాయో పాడేవాళ్ళకు తెలుసు. రాముడితో పోట్లాడేటప్పుడు ఆయన నిఘంటువు తిరగేయలేదు. మరి ఆ సభ దక్షిణాది ఇంటి తెలుగుకు ఒకసారి చప్పట్లు కొట్టి, పది నిమిషాల తర్వాత దాన్ని చూసి నవ్వింది. కూడు అన్న మాట కూడా నిన్న మొన్న పుట్టిందేమీ కాదు. కూడూ గుడ్డా అని పత్రికలవాళ్ళే ఈనాటికీ రాస్తారు. జంటలో ఉంటే మర్యాద, ఒంటరిగా ఉంటే మోటు!

కాబట్టి ఇంటి మాటే నిజం, నేర్చుకున్న మాట అబద్ధం అని తేల్చేద్దామా? ఒక ఏడాది పాటు నేను అలాగే తేల్చుకుని తృప్తిగా ఉన్నాను. దాన్ని చెడగొట్టింది మెలట్టూరు.

తంజావూరు జిల్లాలో మెలట్టూరు అనే ఊరు. తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప కాలంలో తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు అక్కడ భూములూ ఇళ్ళూ ఇచ్చారని చెబుతారు. ఆ ఊరి మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగులో యక్షగాన నాటకాలు రాశాడు. ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర మొదలైనవి. త్యాగరాజు కంటే వయసులో పెద్ద. ఆయన రాసిన నాటకాలను ఏటా నృసింహ జయంతికి ఆ ఊళ్ళో ఆడతారు. అదే భాగవతమేళా. ఆడవేషాలు కూడా మగవాళ్ళే వేస్తారు. వీధిలో వేదిక వేస్తే స్వామి ఎదురుగా వేంచేసి ఉంటాడు. రాత్రి మొదలైన నాటకం చాలా పొద్దుపోయేదాకా నడుస్తుంది. ప్రహ్లాద చరిత్రలో నరసింహుడి ముఖం పెట్టుకునేవాడు ఉపవాసం ఉంటాడు. ఆ ముఖానికి విడిగా పూజ ఉంది. దాన్ని పెట్టుకున్నాక మనిషికి ఆవేశం వస్తుంది. పక్కనున్నవాళ్ళు పట్టుకోవలసి వస్తుంది.

ఇంతకూ ఆడేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు తమిళమే. తెలుగు వేషంతో వచ్చి వేషంతో పోయే భాష. నేను తేల్చుకున్న లెక్క ప్రకారం ఇది పచ్చి అబద్ధం కావాలి. ఇంట్లో లేని మాట వేదిక మీద. కాని దీన్ని అబద్ధమని అనగలవాడెవడు? ఉద్యోగాలకు వేరే ఊళ్ళకు పోయినవాళ్ళు ఏటా ఆ రోజులకు సెలవు పెట్టి వస్తారు. చిన్నప్పుడు ప్రహ్లాదుడి వేషం వేసినవాడు పెద్దయ్యాక లీలావతి అవుతాడు, ఆ తర్వాత హిరణ్యకశిపుడు కావచ్చు. తండ్రి చెప్పిన దరువు కొడుక్కి వస్తుంది. ఒక్కొక్క మాటనూ అర్థం చెప్పించుకుని, అభినయం పట్టి, ఏళ్ళ తరబడి దానితో గడుపుతారు. వాళ్ళకు ఆ భాష తల్లి దగ్గర రాలేదు, సాధన వల్ల వచ్చింది. మా పిల్లకు నేను రాసిచ్చిన ఉపన్యాసం సాధన కాదు, నాలుగు రోజుల బట్టీ. తేనెలొలికే అన్న మాటకు అర్థమేమిటని ఆ పిల్ల నన్ను అడగలేదు, నేను చెప్పనూ లేదు. ఆ మాట ఎందుకు రాశానో నాకే తెలియదు. అందరూ రాస్తారు కనుక రాశాను.

అయితే మెలట్టూరును తలుచుకుని ఊరట పొందడం కూడా సులువైన దారే. వాళ్ళ సభకు ముందు వరుసలో దేవుడు కూర్చుంటాడు. మన సభకు ముందు వరుసలో ముఖ్య అతిథి కూర్చుంటారు. ఎవరి మెప్పుకు ఆడుతున్నామో దాన్నిబట్టి ఆట మారుతుంది. ముఖ్య అతిథికి అచ్చ తెలుగు కావాలి, మనం ఇస్తాం. ఆయనకు సంతోషం, మనకు శాలువా. ఈ బేరంలో పిల్ల చెప్పిన నిజం ఒక్కటే ఒక్కటి, కూడు తినలేదన్నది. దానికే శిక్ష పడింది.

ఈ సంగతులన్నీ మనసులో కలగాపులగంగా ఉండగా, పోయిన మార్గశిరంలో శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళాను. మన ఊరికి పది పన్నెండు కిలోమీటర్లు. ఎన్నిసార్లు వెళ్ళి ఉంటానో లెక్కలేదు. ఆండాళ్ కథ మనకు కొత్తదా? పెరియాళ్వారు, అదే మన విష్ణుచిత్తుడు, స్వామికి కట్టిన మాలను గోదాదేవి ముందుగా తాను వేసుకుని, బావి నీళ్ళలో అందం చూసుకుని, తీసి బుట్టలో పెట్టేది. ఒకనాడు తండ్రి మాలలో వెంట్రుక చూశాడు. ఎంగిలి అయిందని కుమిలి, కొత్త మాల కట్టి తీసుకుపోతే స్వామి ఒల్లనన్నాడు. ఆమె వేసుకున్నదే కావాలన్నాడు. ఈనాటికీ ఆండాళ్ వేసుకున్న మాల ఇక్కడి నుంచి తిరుమల బ్రహ్మోత్సవానికి పోతుంది.

ఆమె పాడింది తమిళంలో. ఆ కథనే శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో ఆముక్తమాల్యదగా రాశాడు. శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి తెలుగులో రాయమన్నాడని కావ్యంలోనే చెప్పుకున్నాడు. అందులో తెలుగును మెచ్చుకున్న పద్యాన్ని మనం ప్రతి సభలోనూ చదువుతాం. ఆ పద్యం ఉన్న పుస్తకం మన పక్క ఊరి పిల్ల కథ అని చెప్పడం మాత్రం మరిచిపోతాం. పేరు కూడా ఆలోచించండి. ఆముక్తమాల్యద అంటే వేసుకుని విడిచిన మాలను ఇచ్చినది.

గుడి మండపంలో కూర్చుంటే విష్ణుచిత్తుడి మీద జాలి వేసింది. ఆయన చెడ్డవాడు కాదు. తాజా మాల ఇవ్వాలనుకున్నాడు, అంతే. నేను చేసిందీ అదే. వెంట్రుక లేని మాట, చెమట అంటని మాట, ఎవరూ వేసుకోని మాట అంగడి నుంచి తెచ్చి పిల్ల చేతికిచ్చి సమర్పించమన్నాను. ఇంట్లో రోజూ వేసుకునే మాట పొరపాటున బయటపడితే ఎంగిలి అని నవ్వాను. మెలట్టూరువాళ్ళు అరువు మాలనే తెచ్చుకున్నారు, నిజమే. కాని తరాల తరబడి మెడలో వేసుకుని తిరిగి, తమ వెంట్రుకలు దానిలో పడిన తర్వాతే స్వామి ముందు పెడుతున్నారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. సభలో కూర్చున్న మనుషులు దేవుడు కారు. వేసుకున్న మాలే కావాలని వాళ్ళు అడగరు. తాజాది, అంగడిది కావాలంటారు. ఇంటి మాట వేదిక ఎక్కితే మళ్ళీ నవ్వుతారేమో. ఆ నవ్వు పెద్దవాడినైన నేను భరించగలను. పదకొండేళ్ళ పిల్లను భరించమనడానికి నాకేం హక్కుంది? అలాగని భాషను కాపాడాలనే మన కోరిక బరువంతా పిల్లల భుజాల మీద పెట్టి, మనం కింద కుర్చీల్లో కూర్చోవడం న్యాయమా? విలియమ్స్‌బర్గ్‌లో పెద్దవాళ్ళు కిందుండి మోస్తారు, పాటగాడు పైన ఉంటాడు. మన దగ్గర తలకిందులు.

ఈ ఏడు ఉగాదికి ఆ సంఘంవారి దగ్గర నుంచి మళ్ళీ జాబు వచ్చింది. మనవరాలికి ఇప్పుడు పదమూడేళ్ళు. జాబు ఆమె చేతికే ఇచ్చాను. పాడతావా అని అడిగాను. కీర్తన పాడతానంది. కాని ముందు దాని అర్థం ప్రతి మాటకూ చెప్పాలంది. చెబుతున్నాను. నాకూ రెండు చోట్ల తెలియక పుస్తకం వెతకవలసి వచ్చింది. ఉపన్యాసం రాసివ్వనా అంటే వద్దంది. మా అమ్మ చెప్పే నక్క కథ ఒకటి ఉంది, ఆమెకు ముత్తవ్వ కథ. దాన్ని ముత్తవ్వ చెప్పినట్టే చెబుతానంది. ఆ కథలో కూడు అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో నాకు తెలుసు. ఏమీ అనలేదు.

"నవ్వితే?" అని మాత్రం అడిగాను.

"నక్క కథకు నవ్వాల గదా తాతా" అంది.

నిన్న సాయంత్రం కాగితం తీసి రాసుకుంటోంది. చూస్తే అదే తమిళ లిపి, అవే అంకెలు. మధ్యలో ఒక్కచోట మాత్రం, 3 వేయవలసిన చోట, వంకరగా తెలుగు గ ఉంది.